అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పోటీ: ఇంటర్వ్యూ కాల్ రావాలంటే, వచ్చాక నిలబడాలంటే ఏం చేయాలి

పీహెచ్‌డీ అయింది, నెట్ (జాతీయ అర్హత పరీక్ష) ఉంది, ఎనిమిది చోట్ల అప్లై చేశాం, ఒక్క కాల్ కూడా రాలేదు, తప్పెక్కడ? పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది. అడిగేవాళ్లలో ఎక్కువమందికి అర్హత తక్కువేమీ కాదు. దరఖాస్తులో రావాల్సిన మార్కులు వదులుకుంటున్నారు, లేదంటే మార్కులు పెరగని చోట ఏళ్లు పోస్తున్నారు. పాతికేళ్లు చదివినవాళ్లు ఒక్క సర్టిఫికెట్ పాత తేదీది అయినందుకు ఆగిపోవడం చాలా బాధాకరం. అందుకే ఎక్కడ ఎన్ని మార్కులో, ఎక్కడ జారిపోతారో వివరంగా రాస్తున్నాం. ఇది ప్రధానంగా మన దేశంలోని విశ్వవిద్యాలయాలు, కాలేజీల్లో మొదటి రెగ్యులర్ పోస్టు కోసం చూస్తున్నవాళ్లకు.

ముందే సిద్ధంగా ఉంచుకోవాల్సినవి

నోటిఫికేషన్ వచ్చాక వెతుక్కుంటే గడువు చాలదు. ఇవన్నీ స్కాన్ చేసి, ఒక్కోటి విడి పీడీఎఫ్‌గా, పేరు పెట్టి దాచుకోండి.

- పదో తరగతి నుంచి పీజీ దాకా మార్కుల మెమోలు, డిగ్రీ పట్టాలు (ప్రొవిజనల్ కాదు, కాన్వొకేషన్ పట్టా వచ్చి ఉంటే అదే)
- గ్రేడ్లు ఉంటే, వాటిని శాతంగా మార్చే సూత్రంపై మీ యూనివర్సిటీ ఇచ్చిన కన్వర్షన్ సర్టిఫికెట్
- పీహెచ్‌డీ పట్టా, అవార్డు నోటిఫికేషన్, యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారమే డిగ్రీ ఇచ్చామని రిజిస్ట్రార్ లేదా డీన్ సంతకం చేసిన పత్రం
- నెట్ లేదా సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష) సర్టిఫికెట్
- ప్రచురించిన ప్రతి పరిశోధన పేపరు మొదటి పేజీ, డీఓఐ లింకు (పేపరు శాశ్వత ఆన్‌లైన్ చిరునామా), జర్నల్ ఐఎస్‌ఎస్‌ఎన్ (జర్నల్ గుర్తింపు సంఖ్య)
- చేరిన తేదీ, వదిలిన తేదీ, హోదా, జీతం రాసి ఉన్న ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్లు
- కులం, ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన వర్గం), వైకల్యం సర్టిఫికెట్లలో మీకు వర్తించేది
- ఇప్పటికే ఉద్యోగంలో ఉంటే ఎన్‌ఓసీ (యాజమాన్యం ఇచ్చే నిరభ్యంతర పత్రం)

1. మీ తలుపు ఏదో తేల్చుకోండి

అన్ని సంస్థల పద్ధతీ ఒకటి కాదు. ఒకే బయోడేటా అన్నిచోట్లకూ పంపడం మొదటి పొరపాటు.

కేంద్ర విశ్వవిద్యాలయాలు యూజీసీ 2018 జులై 18న ఇచ్చిన నిబంధనల ప్రకారం మార్కులు వేసి ఇంటర్వ్యూకు పిలుస్తాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), అనంతపురంలోని ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ములుగు, విజయనగరంలలోని గిరిజన విశ్వవిద్యాలయాలు ఈ కోవలోనివే. 2023 మే నుంచి కేంద్ర విశ్వవిద్యాలయాల ఖాళీలకు 'సీయూ-చయన్' అనే ఉమ్మడి పోర్టల్ ఉంది. అందులో ప్రొఫైల్ ఒకసారి పూర్తిగా నింపి పెట్టుకోండి. అయినా ఏ యూనివర్సిటీకి కావాలంటే ఆ యూనివర్సిటీ వెబ్‌సైటు కూడా వారానికోసారి చూడాల్సిందే.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల పద్ధతి ప్రభుత్వ ఉత్తర్వులను బట్టి మారుతుంటుంది. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చదువు, పరిశోధనలకు 50 మార్కులు, సబ్జెక్టు పరిజ్ఞానం, బోధనలకు 30, ఇంటర్వ్యూకు 20. ఈ లెక్క యూజీసీ లెక్కకు చాలా దూరం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నియామకాలు కోర్టు కేసుల్లో చిక్కుకుని ఏళ్ల తరబడి ఆగిన సందర్భాలున్నాయి కాబట్టి, సొంత యూనివర్సిటీ నోటిఫికేషన్ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోవద్దు.

ప్రభుత్వ డిగ్రీ కాలేజీ లెక్చరర్ పోస్టులు పబ్లిక్ సర్వీస్ కమిషన్ల రాతపరీక్షతో భర్తీ అవుతాయి. మీకు పేపర్లు తక్కువగా ఉండి, సబ్జెక్టు మీద గట్టి పట్టు ఉంటే మీ దారి ఇదే.

ఐఐటీలు, ఎన్‌ఐటీలు, ఐసర్‌లు (కేంద్ర సైన్సు విద్యా పరిశోధన సంస్థలు) మార్కుల పట్టిక కంటే పరిశోధన ప్రణాళికనే చూస్తాయి. చాలా ఐఐటీల్లో ప్రకటన ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. ఐఐటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్-1కు పీహెచ్‌డీ తర్వాత మూడేళ్ల అనుభవం కావాలి, అంతకంటే తక్కువైతే గ్రేడ్-2.

ఇంజినీరింగ్ కాలేజీలు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) నిబంధనలు పాటిస్తాయి: బీటెక్, ఎంటెక్ రెండూ ఉండి, ఏదో ఒకదానిలో ఫస్ట్ క్లాస్ ఉండాలి. వీటికి నెట్ అక్కర్లేదు. జేఎన్‌టీయూల కింద ఉన్న కాలేజీల్లో ర్యాటిఫికేషన్ (మీ నియామకాన్ని యూనివర్సిటీ ఆమోదించడం) ముఖ్యం. దాని గురించి చివర్లో చెబుతాం.

2. మీ మార్కులు మీరే వేసుకోండి

యూనివర్సిటీ పోస్టుకు యూజీసీ పట్టిక (3ఏ) ఇలా ఉంటుంది. మొత్తం 100.

- డిగ్రీ: 80 శాతం, ఆపైన 15; 60 నుంచి 80 లోపు 13; 55 నుంచి 60 లోపు 10; 45 నుంచి 55 లోపు 5
- పీజీ: 80, ఆపైన 25; 60 నుంచి 80 లోపు 23; 55 నుంచి 60 లోపు 20 (రిజర్వుడు వర్గాలకు 50 శాతం నుంచే ఈ 20 వర్తిస్తాయి)
- పీహెచ్‌డీ: 30. ఎంఫిల్‌కు 60 శాతం, ఆపైన ఉంటే 7; 55 నుంచి 60 లోపు 5. అయితే రెండూ కలిపినా 30కి మించవు
- జేఆర్‌ఎఫ్‌తో (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌తో) నెట్ 7, నెట్ 5, సెట్ 3. ఇందులో ఏదో ఒకటే
- పేపర్లు: ఒక్కోదానికి 2, గరిష్ఠంగా 10
- బోధన లేదా పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) అనుభవం: ఏడాదికి 2, గరిష్ఠంగా 10
- అవార్డులు: అంతర్జాతీయ, జాతీయ స్థాయికి 3, రాష్ట్ర స్థాయికి 2

కాలేజీ పోస్టులకు పట్టిక (3బీ) వేరు. డిగ్రీకి గరిష్ఠంగా 21, పీహెచ్‌డీకి 25, జేఆర్‌ఎఫ్‌కు 10, నెట్‌కు 8, సెట్‌కు 5, పేపర్లకు 6 మాత్రమే.

ఒక ఉదాహరణ చూద్దాం. డిగ్రీలో 72 శాతం, పీజీలో 78, పీహెచ్‌డీ, నెట్, మూడు పేపర్లు, ఏడాదిన్నర బోధన ఉన్న అభ్యర్థికి యూనివర్సిటీ పట్టికలో 13 + 23 + 30 + 5 + 6 + 3 = 80. అదే అభ్యర్థికి కాలేజీ పట్టికలో 19 + 23 + 25 + 8 + 6 + 3 = 84. పీహెచ్‌డీ, పేపర్లు, అనుభవం లేకుండా నెట్ ఒక్కటే ఉంటే యూనివర్సిటీ పట్టికలో 41, కాలేజీ పట్టికలో 50. నెట్ ఒక్కటే ఉన్నవాళ్లు యూనివర్సిటీలకు ఫీజులు కట్టి నిరాశపడుతున్నారు. అర్హత ఉండటం వేరు, షార్ట్‌లిస్ట్‌లో నిలవడం వేరు.

ఇక్కడే ఇంకో సంగతి. ఈ మార్కులు ఇంటర్వ్యూకు పిలవడానికే. 2018 నిబంధనల ప్రకారం ఎంపిక పూర్తిగా ఇంటర్వ్యూ మీదే. గది తలుపు దాటగానే 92 వచ్చినవాళ్లూ 79 వచ్చినవాళ్లూ ఒకే గీత మీద నిలబడతారు. కాబట్టి షార్ట్‌లిస్ట్ గీత దాటడానికి సరిపడా మార్కులు చూసుకుని, మిగిలిన శక్తంతా ఇంటర్వ్యూ మీద పెట్టాలి.

కొత్త నిబంధనల ముసాయిదాను యూజీసీ 2025 జనవరిలో విడుదల చేసింది. అందుకని ప్రతి నోటిఫికేషన్‌లోనూ ఏ నిబంధనల ప్రకారం నియామకమో రాసిన పేరా ముందు చదివి, ఆ పట్టికతోనే లెక్క వేసుకోండి.

3. మార్కులు ఎక్కడ పెరుగుతాయో అక్కడే పని పెట్టుకోండి

డిగ్రీ, పీజీ మార్కులు మారవు. మిగిలినవి మూడు: పేపర్లు, అనుభవం, నెట్ స్థాయి.

మూడు పేపర్లున్నవాళ్లు మరో రెండు వేస్తే 4 మార్కులు పెరుగుతాయి. నెట్ నుంచి జేఆర్‌ఎఫ్‌కు వెళ్తే పెరిగేది 2. ఐదు పేపర్లు దాటాక ఆరోదానికి యూనివర్సిటీ పట్టికలో సున్నా, కాలేజీ పట్టికలో నాలుగోదానికే సున్నా. ఐదు దాటినవాళ్లు ఇక సంఖ్య కోసం రాయడం మానేసి, ఇంటర్వ్యూలో గర్వంగా చెప్పుకోగల ఒక్క మంచి పేపరు మీద ఏడాది పెట్టడం మేలు.

సెట్ గురించి ఒక హెచ్చరిక: ఏ రాష్ట్రం సెట్ ఆ రాష్ట్రంలోనే చెల్లుతుంది. తెలంగాణ సెట్‌ను ఉస్మానియా, ఆంధ్రప్రదేశ్ సెట్‌ను ఆంధ్ర విశ్వవిద్యాలయం నిర్వహిస్తాయి. కేంద్ర విశ్వవిద్యాలయానికి సెట్‌ను అర్హతగా చూపితే దరఖాస్తు పక్కన పెట్టేస్తారు.

నెట్ రాసేవాళ్లు ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. 2024 జూన్ నుంచి ఫలితాల్లో మూడు వర్గాలున్నాయి: జేఆర్‌ఎఫ్‌తో పాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పాటు పీహెచ్‌డీ ప్రవేశం, పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. మూడో వర్గంలో వచ్చినవాళ్లు 'నెట్ క్వాలిఫై అయ్యాం' అనుకుని ఉద్యోగానికి అప్లై చేస్తే చెల్లదు.

4. పేపర్లు: లెక్కకు వచ్చేవి, రానివి

"1,500 రూపాయలు కట్టండి, మూడు రోజుల్లో పబ్లిష్ చేస్తాం" అని వాట్సాప్‌లో వచ్చే జర్నళ్ల జోలికి అసలు వెళ్లొద్దు. ఆ పేపరు ఇప్పుడు 2 మార్కులు తెచ్చినా, ఇంటర్వ్యూలో నిపుణుడు జర్నల్ పేరు చూడగానే మిగిలిన మంచి పేపర్ల మీద కూడా అనుమానం పడుతుంది.

మంచి జర్నళ్లను గుర్తించే యూజీసీ-కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో రద్దు చేశారు. ఇప్పుడు జర్నల్ మంచిదో కాదో మీరే నిరూపించుకోవాలి. పంపే ముందు ఈ నాలుగూ చూడండి:

- ఐఎస్‌ఎస్‌ఎన్ పోర్టల్‌లో నంబరు కొట్టి, జర్నల్ పేరు, ప్రచురణకర్త పేరు సరిపోతున్నాయా చూడండి. పేరున్న జర్నల్ పేరుతోనే నకిలీ వెబ్‌సైట్లు నడుస్తున్నాయి.
- స్కోపస్‌లో (పరిశోధన జర్నళ్ల డేటాబేస్‌లో) ఉందంటే సోర్స్ లిస్టులో స్వయంగా వెతకండి. గతంలో ఉండి తర్వాత తొలగించినవి చాలా ఉన్నాయి. ఏ ఏడాది వరకు ఉందో అక్కడే కనిపిస్తుంది.
- ఎడిటోరియల్ బోర్డులో ఇద్దరి పేర్లు తీసుకుని, వాళ్ల యూనివర్సిటీ పేజీల్లో ఆ జర్నల్ ప్రస్తావన ఉందా చూడండి.
- గత సంచికలో మీ సబ్జెక్టు పేపర్లు మూడు చదవండి. మీ గైడుకు చూపించడానికి సిగ్గుపడే స్థాయిలో ఉంటే వదిలేయండి.

తెలుగు, చరిత్ర, జానపదం వంటి సబ్జెక్టుల వాళ్లకు స్కోపస్ జర్నళ్లు తక్కువ. పట్టికలో ఉన్నది 'పీర్ రివ్యూడ్' (తోటి నిపుణులు సమీక్షించినది) అన్న మాట. కాబట్టి సమీక్షకుల వ్యాఖ్యలు వచ్చిన ఈమెయిల్‌ను ప్రింటు తీసి పేపరుతో జత చేయండి. అది బలమైన ఆధారం.

5. అనుభవం కాలమ్ నింపడం

ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. '3 సంవత్సరాలు' అని రాస్తే చాలదు. తేదీలు వేసి లెక్క చూపాలి. ఉదాహరణకు 16-07-2022 నుంచి 30-04-2023 వరకు పనిచేస్తే తొమ్మిదిన్నర నెలలు, అంటే 0.79 ఏడాది, అంటే 1.58 మార్కులు. ఏడాదికి తక్కువైతే దామాషాలో ఇస్తారు, సున్నా కాదు. తొమ్మిది నెలలే కదా అని వదిలేయకండి.

పీహెచ్‌డీ చేసిన కాలాన్ని అనుభవంగా చూపకూడదు. అయితే ఏ సెలవూ పెట్టకుండా ఉద్యోగం చేస్తూ పీహెచ్‌డీ చేసినవాళ్లకు ఆ బోధనాకాలం లెక్కకు వస్తుంది. అలాంటివాళ్లు 'ఏ విధమైన స్టడీ లీవూ తీసుకోలేదు' అన్న వాక్యం సర్టిఫికెట్‌లో రాయించుకోవాలి. ఆ ఒక్క వాక్యం లేక నాలుగైదేళ్ల అనుభవం కొట్టుకుపోతుంది.

గెస్ట్ ఫ్యాకల్టీ, పార్ట్‌టైమ్ అనుభవాన్ని అన్ని యూనివర్సిటీలూ ఒకేలా చూడవు. కొన్ని ఇస్తాయి, కొన్ని రెగ్యులర్ జీతంతో సమానంగా ఇచ్చిన కాంట్రాక్టు కాలాన్నే లెక్కిస్తాయి. నిజం రాయండి, హోదా మార్చి రాయొద్దు. గెస్ట్‌ను 'అసిస్టెంట్ ప్రొఫెసర్' అని రాస్తే, సర్టిఫికెట్ల పరిశీలనలో దొరికిపోయి మొత్తం దరఖాస్తే పోతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్, ఫామ్-16 కూడా అడుగుతున్నారు. అవి లేకపోతే కాలేజీ ఎంత మంచి సర్టిఫికెట్ ఇచ్చినా నమ్మరు.

6. రిజర్వేషన్ సర్టిఫికెట్లు

బీసీ-ఏ నుంచి బీసీ-ఈ వరకు ఉన్న రాష్ట్ర సర్టిఫికెట్ కేంద్ర సంస్థల్లో పనికిరాదు. అక్కడ కావాల్సింది కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉన్న ఓబీసీ నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్. ముందుగా మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలున్నాయి. తహసీల్దారు కార్యాలయంలో అడిగేటప్పుడు 'సెంట్రల్ ఫార్మాట్' అని స్పష్టంగా చెప్పండి.

ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఒక్క ఆర్థిక సంవత్సరానికే. ఏప్రిల్ రాగానే కొత్తది తీసుకోండి. ఓబీసీ క్రీమీలేయర్ ఆదాయ పరీక్షలో తల్లిదండ్రుల జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. ఈడబ్ల్యూఎస్‌లో కుటుంబానికి అన్ని మార్గాల నుంచి వచ్చేదీ కలుపుతారు. రెండింటికీ పరిమితి 8 లక్షలే కావడంతో చాలామంది లెక్క తప్పుతున్నారు. ఎస్సీ వర్గీకరణ 2025లో రెండు రాష్ట్రాల్లోనూ వచ్చింది కనుక రాష్ట్ర పోస్టులకు గ్రూపు చూపే సర్టిఫికెట్ తీసి పెట్టుకోండి.

రిజర్వుడు వర్గాల అభ్యర్థులు జనరల్ పోస్టుకూ అప్లై చేయవచ్చు. కొన్ని పోర్టళ్లలో అందుకు వేరే దరఖాస్తు, వేరే ఫీజు ఉంటాయి. 'ఆటోమేటిక్‌గా చూస్తారులే' అని వదిలేయొద్దు.

7. దరఖాస్తు పంపే రోజు

ఆఖరి తేదీకి కనీసం నాలుగు రోజుల ముందు పూర్తి చేయండి. సబ్మిట్ నొక్కే ముందు వరుసగా చూసుకోవాల్సినవి:

అర్హతలన్నీ ఆఖరి తేదీ నాటికి ఉండాలి. వైవా అయింది కానీ అవార్డు నోటిఫికేషన్ రాలేదంటే, ఆ రోజుకి మీకు పీహెచ్‌డీ లేనట్టే. సీజీపీఏను పదితో గుణించి రాసేయొద్దు, మీ యూనివర్సిటీ సూత్రమే వాడాలి. 7.9ని 79 అని రాసి, సూత్రం ప్రకారం 75 వస్తే తప్పుడు సమాచారం ఇచ్చినట్టవుతుంది. పదో తరగతి మెమోలో పేరు, పీహెచ్‌డీ పట్టాలో పేరు ఒకేలా ఉన్నాయా చూడండి. ఇంటిపేరు ముందు ఒకచోట, వెనక ఒకచోట ఉండటం, పెళ్లయ్యాక మారడం మన దగ్గర మామూలే. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ జత చేయండి.

చాలా చోట్ల ఆన్‌లైన్ తర్వాత హార్డ్ కాపీ కూడా పంపాలి. దానికి వేరే గడువు ఉంటుంది. ప్రతి పేజీకి నంబరు వేసి, దరఖాస్తులో ప్రతి మార్కు పక్కన 'ఆధారం: పేజీ 34' అని రాయండి. పరిశీలించే వ్యక్తి వందల కట్టలు చూస్తున్నప్పుడు, మీ ఐదో పేపరు ఆధారం కోసం ఎవరూ వెతుక్కోరు. స్పీడ్ పోస్టులో పంపి, కవరు మీద పోస్టు పేరు, విభాగం, ప్రకటన నంబరు రాయండి. ఉద్యోగంలో ఉన్నవాళ్లు అడ్వాన్స్ కాపీ నేరుగా పంపి, రెండోది త్రూ ప్రాపర్ ఛానల్ (పై అధికారుల ద్వారా) పంపాలి.

8. షార్ట్‌లిస్ట్ వచ్చాక సరిచూసుకోవడం

చాలా యూనివర్సిటీలు మార్కులతో తాత్కాలిక జాబితా పెట్టి, అభ్యంతరాలకు కొద్ది రోజుల గడువు ఇస్తాయి. ఆ వారంలో ఈమెయిల్ స్పామ్ ఫోల్డరు కూడా రోజూ చూడండి. రెండో మెట్టులో మీరు వేసుకున్న లెక్కను వాళ్ల లెక్కతో పోల్చండి. తేడా ఉంటే ఆవేశంగా రాయొద్దు. "పేపర్ల కింద 6 ఇచ్చారు, నేను ఐదు సమర్పించాను, ఆధారాలు దరఖాస్తు 31 నుంచి 40 పేజీల్లో ఉన్నాయి, 10గా సరిచేయగలరు" అని నాలుగు ముక్కల్లో రాసి ఆ పేజీలు మళ్లీ జత చేయండి.

మార్కులు ప్రకటించకుండా పేర్లే పెడితే సమాచార హక్కు చట్టం కింద మీ మార్కులు, కట్ ఆఫ్ అడగవచ్చు. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. కాల్ రాని ప్రతిచోటా అడగండి. మూడు నాలుగు జవాబులు వచ్చేసరికి మీ సబ్జెక్టులో గీత ఎక్కడ పడుతోందో మీకే తెలుస్తుంది.

9. పరిశోధన ప్రణాళిక (ఐఐటీ, ఎన్‌ఐటీ, ఐసర్, పెద్ద ప్రైవేటు యూనివర్సిటీలకు)

మూడు నుంచి ఐదు పేజీలు చాలు. పీహెచ్‌డీ సారాంశాన్నే మళ్లీ పంపడం అందరూ చేసే తప్పు. వాళ్లకు కావాల్సింది మీ గైడు లేకుండా మీరేం చేస్తారన్నది.

పనికిరాని వాక్యం: "భవిష్యత్తులో నీటి కాలుష్యంపై లోతైన పరిశోధన చేయాలనుకుంటున్నాను."

పనికొచ్చే వాక్యాలు: "మొదటి రెండేళ్లు నల్గొండ జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ వానలకు ముందు, తర్వాత ఎంత మారుతుందో కొలుస్తాను. దీనికి అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ ఉన్న మీటరు, ఇద్దరు ఎంఎస్సీ విద్యార్థులు చాలు; అయాన్ క్రొమటోగ్రఫీకి విభాగంలో ఇప్పటికే ఉన్న పరికరాన్ని వాడుకుంటాను. మూడో ఏట వడపోత పదార్థంపై పనికి ఏఎన్‌ఆర్‌ఎఫ్ (పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ) గ్రాంట్‌కు దరఖాస్తు చేస్తాను."

రెండోదాంట్లో ఊరు, పరికరం, మనుషులు, డబ్బు, కాలం అన్నీ ఉన్నాయి. విభాగం వెబ్‌సైటులో ఏ పరికరాలున్నాయో, ఎవరు ఏం చేస్తున్నారో చదివాకే ఇలా రాయగలరు. రాసింది మీ సబ్జెక్టు కాని స్నేహితుడికి ఇచ్చి, మొదటి ఏడాది ఏం చేస్తారో చెప్పమనండి. చెప్పలేకపోతే తిరగరాయండి.

సిఫార్సు లేఖలకు పేర్లిచ్చేవాళ్లకు కనీసం మూడు వారాల ముందు చెప్పి, మీ ప్రణాళిక, సీవీ పంపండి. ముగ్గురిలో ఒకరైనా మీ యూనివర్సిటీ బయటివారై ఉండాలి.

10. ఇంటర్వ్యూ

యూజీసీ నిబంధనల ప్రకారం వైస్ ఛాన్సలర్ అధ్యక్షత వహిస్తారు. బయటి నుంచి వచ్చే ముగ్గురు సబ్జెక్టు నిపుణులు, విజిటర్ (కేంద్ర విశ్వవిద్యాలయాలకు రాష్ట్రపతి) లేదా ఛాన్సలర్ నామినీ, డీన్, విభాగాధిపతి ఉంటారు. చాలా చోట్ల పది పదిహేను నిమిషాల్లో ముగుస్తుంది. అందులో ఎక్కువ భాగం నిపుణులదే.

మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ థీసిస్ గురించే. తెలుగు విభాగానికి వెళ్లిన అభ్యర్థి ఇలా మొదలుపెడితే రెండు నిమిషాలు వృథా: "సార్, నా అంశం ఉత్తరాంధ్ర కథాసాహిత్యం, సామాజిక అధ్యయనం. మొదటి అధ్యాయంలో పరిచయం, రెండో అధ్యాయంలో కథ నిర్వచనాలు..."

ఇలా మొదలుపెట్టాలి: "సార్, మాండలికం పాత్రల సంభాషణ దాటి కథకుడి మాటలోకి ఎప్పుడు వచ్చింది అన్నది నా ప్రశ్న. అందుకు 1990 తర్వాతి అరవై ఉత్తరాంధ్ర కథలు తీసుకున్నాను. వలస ఇతివృత్తంగా ఉన్న కథల్లో ఈ మార్పు ముందుగా కనిపించింది." ప్రశ్న, సామగ్రి, తేలింది. నలభై సెకన్లు. ఆ తర్వాతి ప్రశ్న మీరు చెప్పిన చోటు నుంచే పుడుతుంది. అదే మీకు బలం. దీన్ని గడియారం పెట్టుకుని ఫోన్‌లో రికార్డు చేసి, కనీసం పదిసార్లు వినండి.

థీసిస్ బయట పీజీ సిలబస్‌లోని మౌలిక ప్రశ్నలు అడుగుతారు. ఆరేళ్లు ఒకే అంశంలో మునిగినవాళ్లు ఇక్కడే తడబడతారు. ఆ విభాగం సిలబస్ డౌన్‌లోడ్ చేసి, మీరు చెప్పగల మూడు కోర్సులు ఎంచుకుని, ఒక్కోదానికి మొదటి క్లాసులో ఏం చెబుతారో, ఏ పుస్తకం పెడతారో రాసుకోండి. డెమో అడిగితే పెద్ద అంశం తీసుకోవద్దు. ఐదు నిమిషాల్లో ఒక్క భావన, ఒక్క ఉదాహరణ, బోర్డు మీద ఒక్క బొమ్మ.

తెలియని ప్రశ్నకు "తెలియదు సార్, చూసుకుంటాను" అనడంలో తప్పు లేదు. ఊహించి చెప్పి రెండో ప్రశ్నకు దొరికిపోతేనే నష్టం. ఒరిజినల్స్, రెండు సెట్ల జిరాక్సులు, పేపర్ల రీప్రింట్లు దరఖాస్తు క్రమంలోనే ఫైలులో పెట్టుకోండి.

బయటికి రాగానే అడిగిన ప్రశ్నలన్నీ ఆ రోజే రాసి పెట్టుకోండి. నాలుగు ఇంటర్వ్యూల ప్రశ్నలు పక్కపక్కన పెడితే మీ బలహీనత ఎక్కడుందో తేలిపోతుంది.

11. రెగ్యులర్ పోస్టు వచ్చేదాకా

ఈ మధ్యకాలాన్ని మార్కులొచ్చే పనితో నింపండి. పోస్ట్‌డాక్‌కూ ఏడాదికి 2 మార్కులే, కానీ పేపర్లూ వస్తాయి కాబట్టి రెండిందాలా లాభం. సైన్సు వాళ్లు ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్, నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ చూడండి. వీటికి వయోపరిమితి ఉంది కాబట్టి వాయిదా వేయొద్దు. సామాజిక శాస్త్రాల వాళ్లకు ఐసీఎస్‌ఎస్‌ఆర్ (సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది. విదేశాల్లో పీహెచ్‌డీ చేసి తిరిగి రావాలనుకునేవాళ్లు ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ (ఆ డిగ్రీ ఇక్కడి డిగ్రీతో సమానమని చెప్పే పత్రం) పని అక్కడ ఉండగానే మొదలుపెట్టాలి. క్యూఎస్, టైమ్స్, షాంఘై ర్యాంకింగుల్లో ఏదో ఒకదానిలో మొదటి 500లో ఉన్న యూనివర్సిటీ పీహెచ్‌డీకి 2018 నిబంధనల్లో నేరుగా అర్హత ఉంది. ఆ ర్యాంకింగ్ పేజీ ప్రింటు దాచుకోండి.

ప్రైవేటు కాలేజీలో చేరేటప్పుడు మూడు విషయాలు గట్టిగా పట్టుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెంటనే వెనక్కి తీసుకోండి, కాలేజీలో వదలొద్దు; రేపు ఇంటర్వ్యూకు అవే కావాలి, అడిగితే ఇవ్వని చోట్లు ఉన్నాయి. జీతం బ్యాంకు ఖాతాలోకే రావాలి, అపాయింట్‌మెంట్ ఆర్డరులో రాసిన మొత్తం, ఖాతాలో పడే మొత్తం ఒకటే అయి ఉండాలి. ఇంజినీరింగ్ కాలేజీ అయితే యూనివర్సిటీ సెలక్షన్ కమిటీ ముందు ర్యాటిఫికేషన్ ఎప్పుడు పెడతారో చేరేముందే అడగండి. ర్యాటిఫై కాని అనుభవాన్ని తర్వాత చాలా చోట్ల పరిగణనలోకి తీసుకోరు. ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్‌ను మానేసే రోజు దాకా ఆగకుండా ప్రతి ఏప్రిల్‌లో, విద్యా సంవత్సరం ముగియగానే ఒకటి తీసుకోండి. ప్రిన్సిపల్ మారినా, యాజమాన్యం మారినా ఆ కాగితం మీ దగ్గరే ఉంటుంది.